బెలూను పగిలేటప్పుడు లూ మేస్త్రి ఎటు చూసేవాడు

లూ షౌకాంగ్ గురించి చెప్పాలంటే ముందు అతని టీ సీసా గురించి చెప్పాలి. మనిషి కంటే సీసాయే నయం, అందులో ఏముందో బయటికి కనబడుతుంది. పచ్చడి అయిపోయిన గాజుసీసా, రేకు మూత, అడుగున రెండు వేళ్ళ మందాన ఆకు, పైన వేడినీళ్ళు. పొద్దున్నే నూడుల్స్ కొట్టు దగ్గర మొదలుపెట్టి సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దాటేదాకా అది అతని అరచేతిలోనే ఉండేది. ఆకు ఎక్కడిదని అడిగితే, చెరువు అవతలి కొండ మీద వసంతంలో కోసిన తొలి చిగురు అనేవాడు. బజార్లో గోనెసంచుల్లో పోసి అమ్మే ముదురాకు అని ముక్కున్న ప్రతివాళ్ళకీ తెలుసు.

సుజౌకి తూర్పున, ఒకప్పుడు బాతులు మేసిన బురదలో ఇప్పుడు అద్దాల ఫ్యాక్టరీలు లేచాయి. వాటిలో ఒకదానిలో గుండెకు పెట్టే బెలూన్లు చేస్తారు. గుండెలోంచి రక్తం బయటికి పోయే చోట తలుపు ఒకటుంటుంది. వయసు మీద పడ్డాక కొందరికి ఆ తలుపు సున్నం పట్టి బిగుసుకుపోతుంది. వెనకటికైతే రొమ్ము కోసేవాళ్ళు. ఇప్పుడు తొడలోని రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, దాని కొసన మడిచిపెట్టిన బెలూనుని ఆ తలుపు మధ్యన ఉబ్బించి, దారి చేసి, కొత్త తలుపు కూర్చోబెడతారు. ఆ బెలూను ఉబ్బాల్సినంతే ఉబ్బాలి. పగలకూడదు. ఖర్మ కాలి పగిలినా చిక్కుడుకాయ విప్పినట్టు పొడుగునా చిరగాలి. అడ్డంగా చిరిగిందంటే ముక్క ఊడి మనిషి లోపలే ఉండిపోతుంది. అందుకని ప్రతి దఫా చేసిన వాటిలోంచి కొన్ని తీసి, ఒంటి వేడి ఉన్న నీళ్ళ తొట్టిలో ముంచి, బెలూను లోపలికి నీళ్ళు ఎక్కించి, ఒత్తిడి పెంచుకుంటూ పోయి, పగలగొట్టి చూస్తారు. ఆ పని చేసేది పరీక్ష గది. ఆ గదికి పెద్ద లూ మేస్త్రి.

ఎలా అయ్యాడని అడగకండి. అంతకు ముందు అతను ఫ్లాస్కుల ఫ్యాక్టరీలో ఉండేవాడు. ఫ్లాస్కులో పెట్టే గాజుబుడ్డిని గోటితో టింగుమనిపించి, చెవి దగ్గర పెట్టుకుని, పగులుందో లేదో చెప్పడం ఉద్యోగం. ఆ పని అక్కడ అందరికీ వచ్చు. కాకపోతే చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు కళ్ళు మూసుకుని, కనుబొమలు పైకెత్తి, పైలోకాల నుంచి కబురు వింటున్నట్టు మొహం పెట్టడం లూ ఒక్కడికే వచ్చు. ఫ్లాస్కుల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ మొహం చూసే బెలూన్ల వాళ్ళు తీసుకుని గదిని అప్పజెప్పారు. గోటి అలవాటు మాత్రం పోలేదు. నీళ్ళ తొట్టిని టింగుమనిపించేవాడు, పుచ్చకాయల్ని టింగుమనిపించేవాడు, ఆడవాళ్ళ టిఫిను డబ్బాల్ని టింగుమనిపించి లోపల ఏం కూరో చెప్పబోయేవాడు. బెలూనుని మాత్రం గోటితో కొట్టలేకపోయాడు. కొడితే చప్పుడు రాదు మరి.

ఆ గదిలో యంత్రం మీద కూర్చునేది గూ పెయిఫెన్. ఆమె చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి కనిపెట్టింది. బెలూను ఉబ్బి, డాక్టర్లు వాడే ఒత్తిడి గుర్తు దాటి, ఇక ఏ క్షణమైనా పగులుతుందనగా లూ మేస్త్రి సీసా మూత తిప్పి, తల వంచి, టీ ఊదుకునేవాడు. నీళ్ళలో దబ్బుమని చప్పుడయ్యేది. పెద్ద చప్పుడేం కాదు, పక్కింట్లో ఎవరో బియ్యం బస్తా దించినట్టుంటుంది. అంతా అయ్యాక తల ఎత్తేవాడు.

"ఎలా చిరిగింది మేస్త్రి గారూ?" అని ఒకసారి పెయిఫెన్ కావాలనే అడిగింది.

"నాకు తెలీకా? మీరు నేర్చుకోవాలని నేను చెప్పడం లేదు. మీరే చూసి చెప్పండి."

"పొడుగునా చిరిగిందండీ."

"ఆ. నేనూ అదే అనుకున్నా."

అన్నేళ్ళూ అంతే. వేసవిలో కూడా, టీ చల్లారి గంటలు గడిచినా, బెలూను పగిలే వేళకి దాన్ని ఊదుకోవలసిందే. భయం. కోడిని కోసేటప్పుడు పిల్లలు తల తిప్పుకుంటారు చూడండి, ఆ భయం. పిల్లలైతే ఎదుగుతారు.

కానీ మేస్త్రి అన్నాక మేస్త్రే. మా దగ్గర పనిలో చేరిన రోజున కప్పు టీ రెండు చేతులా పట్టుకుని అందించి, ఆ మనిషి దాన్ని తాగాడంటే ఇక కట్టె కాలేదాకా "మేస్త్రి గారూ" అనాల్సిందే. పెయిఫెన్ అందించింది, లూ తాగాడు. ఆ కప్పుకి బదులుగా అతను ఆమెకు నేర్పింది ఏమీ లేదు. యంత్రం అమ్మిన కంపెనీ మనిషి వచ్చి, ఉండి, నేర్పి వెళ్ళాడు. అతని దగ్గర కూడా లూ మేస్త్రి సీసా పట్టుకుని నిలబడి "ఆ, ఆ, మా పద్ధతీ ఇదే" అన్నాడు.

పెయిఫెన్‌కి నిజంగా పని నేర్పిన మనిషి వేరే ఉంది. షీ అవ్వ. పట్టు మిల్లు నడిచిన రోజుల్లో, గూళ్ళని కాగే నీళ్ళలో వేసి వేళ్ళతో దారం కొస అందుకునే పనిలో పెయిఫెన్ ఆమె చేతి కిందే పెరిగింది. వేళ్ళు ఉడికి తెల్లగా ముడతలు పడేవి. కొస దొరకడం లేదని ఏడిస్తే షీ అవ్వ నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసి, "నీ ఏడుపు చూసి కొస బయటికి రాదే. కళ్ళు తుడుచుకుని చెయ్యి పెట్టు" అనేది. మిల్లు పోయినా అలవాటు పోలేదు. ఇప్పటికీ పెయిఫెన్ ఆమెకి పిల్లే, నెత్తి ఇప్పటికీ మొట్టడానికి అందుబాటులోనే ఉండాలి. ముగ్గురిదీ ఒకే పాత మేడ. లిఫ్టు లేదు. షీ అవ్వ కింది వాటాలో, పెయిఫెన్ నడుమ, లూ మేస్త్రి పైన. పైనున్నందుకు కూడా అతనికి గర్వమే.

ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక అతనికి చూడాల్సిన బెలూన్లు లేకుండా పోయాయి కాబట్టి ధైర్యం పెరిగింది. పొద్దున్నే కుండలో నీళ్ళు ఇంకా తేటగా ఉండగానే, ఆ తొలి నీళ్ళలో ఉడికిన నూడుల్సే రుచి అనేవాళ్ళు కొట్టులో చేరతారు. అక్కడ పెద్ద బల్ల అతనిది. "ఈ చుట్టుపక్కల ఎవరి గుండె తలుపు తెరుచుకున్నా, అది నా చేతి మీదుగా తెరుచుకున్నట్టే" అనేవాడు. వినేవాళ్ళు సూపు జుర్రుకుంటూ తలలాడించేవాళ్ళు. నోట్లో నూడుల్స్ ఉన్న మనిషి దేనికైనా తలాడిస్తాడు.

తర్వాత అతను పూలకుండీల మీద ప్రేమ పెంచుకున్నాడు. మెట్లెక్కుతూ ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఎవరో పెట్టుకున్న కుండీ మీదికి వంగి, "దీనికి నీళ్ళు ఎక్కువయ్యాయి" అనేవాడు. ఇంకో మలుపులో "ఈ ఉల్లి మొలకలు ఇంకాస్త ఎదగనివ్వాలి" అనేవాడు. అతని రొప్పు మాత్రం కిందికి వినబడేది.

"వాడికి ఊపిరి అందడం లేదే పిల్లా" అంది షీ అవ్వ, కింద కుర్చీలో కూర్చుని వింటూ. ఆమెకి తెలియకేం. తనకీ అందడం లేదు. పెదాలు నేరేడు పళ్ళు తిన్నట్టు ఉండేవి.

ఇద్దరినీ ఇంట్లో వాళ్ళు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఇద్దరికీ అదే జబ్బు, ఇద్దరికీ ఒకటే డాక్టరమ్మ. షీ అవ్వకి తలుపు మార్చకపోతే ఈ చలికాలం దాటడం కష్టమని డాక్టరమ్మ ఆమె కొడుకుతో చెప్పింది. కొడుకు పెయిఫెన్‌తో చెప్పాడు. అవ్వకి ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా.

లూ మేస్త్రి కూతురు వెన్‌చీ కూడా అందరు పిల్లల్లాగే తండ్రి దగ్గర అసలు మాట దాచి, "కాస్త రక్తం మందగించింది నాన్నా, సన్నని గొట్టం పెట్టి సరిచేస్తారు" అంది.

"గొట్టం కొసన ఏముంటుంది?" అన్నాడు తండ్రి.

ఊళ్ళో ఆ ప్రశ్న అడగ్గలిగే రోగి అతనొక్కడే. వెన్‌చీ డాక్టరమ్మ కోసం పరిగెత్తింది.

డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. "పెద్దాయనా, మీకు తెలియనిది ఏముంది? మీ ఫ్యాక్టరీ బెలూనే పెడతాం. చాలా మంచిది."

లూ మేస్త్రి మొహం సున్నం కొట్టినట్టయింది. "బయటి దేశంది లేదా అమ్మా?"

"అదేంటండీ! మీరే కదా పరీక్షలు పెట్టించింది?"

"అందుకే అడుగుతున్నా" అన్నాడు.

ఆ మాట అనేసి, చారల చారల ఆసుపత్రి బట్టల్లోనే మెట్లు దిగి, సీసా చంకలో పెట్టుకుని, బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. బస్సులో ఎవరో చోటిచ్చారట. ఆ మాట మాత్రం ఆసుపత్రిలోనే ఉండిపోయింది. పక్క బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న షీ అవ్వ దాన్ని రెండు చెవులా వింది.

ఆ సాయంత్రం పెయిఫెన్ జావ పట్టుకుని వెళ్ళేసరికి అవ్వ సంచి విప్పేసి, చెప్పులు మంచం కింద పెట్టేసుకుంది.

"నేను చేయించుకోను."

"ఎందుకవ్వా?"

"అన్నేళ్ళు ఆ గదికి పెద్దగా ఉన్నవాడే వద్దని పారిపోయాడు. అందులో ఏదో ఉంది."

"ఏమీ లేదవ్వా. ఆయన ఒక్కటి కూడా చూళ్ళేదు. పగిలేటప్పుడు తల తిప్పుకునేవాడు."

"చూడకుండా పెద్ద ఎలా అయ్యాడే?"

పెయిఫెన్ జావ గిన్నె ముందుకి జరిపింది.

"నేను చూశాను కదా! నా చేతులతో పగలగొట్టాను. నా మాట నమ్మవా?"

"నువ్వా? నువ్వు నా పక్కన కూర్చుని దారాలు తెంపిన పిల్లవి" అంది అవ్వ, దగ్గు మధ్యలో. "వాడు కనీసం మేస్త్రి."

పెయిఫెన్‌కి ఒళ్ళు మండిపోయింది. నూడుల్స్ కొట్టులో కూడా అదే పాట. "మీ మేస్త్రే పారిపోయాడటగా పెయిఫెన్ అక్కా, మాలాంటి వాళ్ళ గతేంటి?" అని కొట్టువాడు గిన్నె పెడుతూ పళ్ళికిలించాడు. ఆమె చేసిన పని మీద, ఒక పిరికివాడు నోరు జారి ఒక్క మాటతో బురద పోశాడు. లూ పోతే పోనీ, ఆమెకేం? కాసేపు ఏడుస్తున్నట్టు నటించి, పూలదండ పంపిస్తే సరిపోతుంది. కానీ ఆ బురదలో ఇప్పుడు అవ్వ పడుకుని ఉంది. పెదాలు రోజురోజుకీ నల్లబడుతున్నాయి.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. "అవ్వా, ఆయన చేయించుకుంటే నువ్వు చేయించుకుంటావా?"

"వాడు చేయించుకుని, నడిచొచ్చి, ఆ మెట్లు ఆగకుండా ఎక్కితే అప్పుడు చూద్దాం."

షీ అవ్వ ప్రాణం ఎవరి ధైర్యం మీద ఆధారపడిందో చూడండి. ఊళ్ళో అంతమంది మనుషులుండగా.

పెయిఫెన్ అతని దగ్గరికి వెళ్ళనక్కర్లేకపోయింది. అతనే దిగొచ్చాడు. తలుపు తీసేసరికి ఎదురుగా లూ మేస్త్రి, ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో గడ్డితాడుతో కట్టిన బతికున్న పీతలు. అప్పుడు మంచి కాలం, ప్రతి బజార్లో అరచేతంత పీతలు దొరుకుతున్నాయి. ఇవి మాత్రం ఆకలితో పెరిగిన పిల్లల్లా ఉన్నాయి.

"ఏమ్మా పెయిఫెన్, బాగున్నావా? దారిలో కనబడ్డాయి, నీకు ఇష్టమని తెచ్చా."

"కూర్చోండి మేస్త్రి గారూ. దిగొచ్చారు కదా, ఆయాసం వచ్చి ఉంటుంది."

"ఆయాసమా? నాకా?" అని కూర్చుని, కాసేపు ఊపిరి పీల్చుకోవడమే పనిగా పెట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక చిన్న సాయం కావాలమ్మా. మనలో మన మాట. నాకోసం ఒకటి ఎంచిపెట్టు."

"ఏంటి?"

"బెలూను. నువ్వే దగ్గరుండి పరీక్ష పెట్టి, బాగా నిలిచిన దాన్ని పక్కన పెట్టు. వెన్‌చీ డాక్టరమ్మతో మాట్లాడుతుంది. అదే నాకు పెట్టేస్తారు. ఎవరికీ తెలియాల్సిన పని లేదు."

మా వాళ్ళకి ప్రతిదానికీ వెనక తలుపు ఒకటుండాలి. బడిలో సీటుకి, రైల్లో కిటికీకి, పండగ పీతకి, అన్నిటికీ తెలిసినవాళ్ళ ద్వారా ఏరిన సరుకే కావాలి. లూ మేస్త్రి గుండెకి కూడా అలాగే కావాల్సి వచ్చింది.

"మేస్త్రి గారూ, పరీక్షలో బాగా నిలిచింది ఏమవుతుంది?"

"ఏమవుతుంది, నిలుస్తుంది."

"నిలిచాక ఇంకా ఎక్కిస్తాం కదా?"

"ఎక్కిస్తాం."

"ఎక్కిస్తే?"

లూ మేస్త్రి సీసా మూత మీద చెయ్యి వేశాడు.

"పగిలేదాకా ఎక్కిస్తామండీ. పరీక్ష పెట్టిందల్లా చెత్తబుట్టలోకే పోతుంది. పరీక్ష పెట్టిన బెలూను కావాలంటే చిరిగిన బెలూను పెట్టించుకోవాలి. మనుషులకి పెట్టేది దాంతోపాటు పుట్టిన వేరేది. దానికి ఎవరూ పరీక్ష పెట్టరు."

అతను నోరు తెరిచాడు. "అదేంటి! పరీక్ష పెట్టనిది తీసుకెళ్ళి గుండెల్లో పెడుతున్నారా?"

ఈ మాట అన్నది ఆ గదిని అన్నేళ్ళు ఏలిన మనిషి. అన్నేళ్ళుగా పెయిఫెన్ అతన్ని పిరికివాడనే అనుకుంది. ఇది దాన్ని కూడా దాటిపోయింది. ఫ్లాస్కులు కొట్టి చూసి అవే అమ్మినట్టు, ఇక్కడా ముంచి చూసి అవే అమ్ముతారని అనుకున్నాడు. దబ్బుమన్న ప్రతి చప్పుడునీ, ఇంకోటి పాడైపోయింది, ఈ సరుకు ఇంతే, అని లెక్కేసుకున్నాడు. అన్నేళ్ళూ అతని చెవిన పడినవి పగిలిన చప్పుళ్ళే. తల ఎత్తి చూసి ఉంటే ఎంత ఒత్తిడికి నిలిచి పగిలిందో తెలిసేది. ఎత్తలేదు.

అతను టీ ఊదుకుంటున్నాడు.

"ముసలాళ్ళకి మర్యాద చేసే పండగ రోజున ఫ్యాక్టరీ రిటైరైన మీ అందర్నీ పిలుస్తుంది కదా, రండి" అంది పెయిఫెన్. "మీ కళ్ళ ముందు ఒకటి పగలగొడతాను. చూసి, అప్పుడు చెప్పండి."

"చూడ్డానికేముంది, చూడనివా?" అన్నాడు. ఆ రాత్రి పెయిఫెన్ పీతల్ని అల్లం వేసి ఆవిరి మీద ఉడికించింది. డొల్ల.

పండగ రోజున రిటైరైన వాళ్ళందరినీ ఫ్యాక్టరీ బస్సులో తెచ్చి, పైన చిన్న కాగితం జెండా గుచ్చిన బియ్యప్పిండి కేకు తలా ఒకటి ఇచ్చి, గదులన్నీ తిప్పి చూపిస్తారు. ఊరికే ఇచ్చే కేకుని లూ మేస్త్రి వదులుకోడని పెయిఫెన్‌కి తెలుసు. పరీక్ష గదికి ఇప్పటి పెద్ద పని తెలిసిన అమ్మాయి. ఆ రోజు పరీక్షలయ్యాక మిగిలిన ఒక బెలూనుని పెద్దవాళ్ళకి చూపించడానికి వాడుకోమంది. పెయిఫెన్ ఆమెను ఇంకో చిన్న సాయం కూడా అడిగింది. అదేంటో గుమ్మం దగ్గర బయటపడింది.

"తలకి టోపీ, కాళ్ళకి తొడుగులు వేసుకోండి. తినేవీ తాగేవీ బయటే పెట్టాలి" అంది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి, లూ మేస్త్రి ముందుకి చెయ్యి చాపి.

"ఇది టీయే అమ్మా."

"అదే అంటున్నా తాతగారూ."

సీసా చేతిలోంచి పోయాక అతను చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు వెనక్కి, తర్వాత జేబుల్లోకి, చివరికి ఒకదాన్లో ఒకటి పెట్టుకున్నాడు. అందరూ తొట్టి చుట్టూ చేరారు. పెయిఫెన్ గొట్టాన్ని యంత్రానికి బిగించి, బెలూనుని నీళ్ళలోకి దించింది. మడతలు విప్పుకుని అది నిండింది, వానాకాలపు సొరకాయలా నున్నగా, గట్టిగా. డాక్టర్లు వాడే గుర్తు దగ్గర కాసేపు ఆపింది. పెంచింది. మళ్ళీ ఆపింది. పెంచింది. ముసలాళ్ళు మాటలు మానేశారు.

లూ మేస్త్రి మెల్లిగా గోడ వైపు తిరిగాడు. అక్కడ చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలున్నాయి. ఎంతో శ్రద్ధగా చదవసాగాడు.

పెయిఫెన్ మీట మీద నుంచి చెయ్యి తీసేసింది. బెలూను ఆ ఒత్తిడిలోనే నిలబడింది.

"ఏమైంది, యంత్రం ఆగిందా?" అన్నారెవరో.

"ఆగలేదండీ. మేస్త్రి గారి కోసం ఆగాను. ఆయన చూస్తే గానీ పగలగొట్టను. మాకు అదే మర్యాద."

అందరూ అతని వీపు వైపు తిరిగారు. వీపు కదల్లేదు. "కానివ్వమ్మా, కానివ్వు. నేను వింటున్నాగా."

"చెవితో చూసేది కాదండీ ఇది."

ఒకామె కిసుక్కున నవ్వింది. బెలూను అలాగే ఉంది. ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన, జేబులో దాచి తెచ్చిన కేకు ముక్క నోట్లో వేసుకున్నాడు. బెలూను అలాగే ఉంది. "ఒరే షౌకాంగ్, తిరగరా బాబూ, నా మోకాళ్ళు పోతున్నాయి" అన్నాడు వెనకటి గోడౌను పెద్దాయన. లూ మేస్త్రి మెడ మీద చెమట కాలరులోకి దిగింది. అతను ఆగిన కొద్దీ బెలూను ఆ ఒత్తిడిని మోస్తూనే ఉంది, తిరగకపోవడానికి అతనికి సాకు లేకుండా చేస్తూ.

చివరికి తిరిగాడు. ఒక కన్ను ముందు, తర్వాత రెండోది. నీళ్ళలో ఉన్నదాన్ని చూశాడు. ఇంతసేపూ పగల్లేదా అన్నట్టు పెయిఫెన్ వంక చూశాడు. మళ్ళీ దాన్ని చూశాడు. ఆమె మీట నొక్కింది. గుర్తు ఎక్కడో కింద ఉండిపోయింది, బెలూను ఇంకా నిలబడే ఉంది. ఇంకా పెంచింది. దబ్బుమంది. నీళ్ళు తొట్టి అంచు దాకా లేచి పడ్డాయి. పెయిఫెన్ దాన్ని బయటికి తీసి అరచేతిలో పరిచి చూపించింది. ఈ చివరి నుంచి ఆ చివరికి పొడుగునా ఒకటే చీలిక. ముక్క ఊడలేదు.

"అంతేనా?" అన్నాడు లూ మేస్త్రి.

అతను ఇంకో మాట అనేలోపు పెయిఫెన్ గొంతు పెంచింది. "మీ అందరికీ ఒక శుభవార్త. మేస్త్రి గారు తన గుండెకి మన బెలూనే పెట్టించుకుంటున్నారు. పైదేశానిది ఇస్తామన్నా వద్దన్నారు. ఆపరేషను రోజున మనమంతా వెళ్ళి పంపించి రావాలి."

చప్పట్లు మోగాయి. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. లూ మేస్త్రి చుట్టూ చూశాడు. అంతమంది పాత స్నేహితుల ముందు వెనక్కి తగ్గి, రేపు నూడుల్స్ కొట్టుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? అన్ని వైపులా జనం, చేతిలో సీసా లేదు.

"నేనెప్పుడు వద్దన్నాను?" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే లూ మేస్త్రి ఎందుకవుతాడు? "పొడుగునా చిరిగింది, చూశారా? అలాగే చిరగాలని ఈ అమ్మాయికి నేర్పింది నేనే."

పెయిఫెన్ పళ్ళ బిగువున నవ్వింది.

ఆపరేషను రోజు పొద్దున అతను ఆసుపత్రి మరుగుదొడ్డిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడని వెన్‌చీ తర్వాత చెప్పింది. "పిన్నీ, తలుపు కొట్టి కొట్టి నా చెయ్యి వాచింది." కానీ బయట వరండా నిండా ఫ్యాక్టరీ ముసలాళ్ళు పూలబుట్టలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళని పోగేసి తెచ్చింది పెయిఫెన్. ఎంతసేపని లోపలుంటాడు? బయటికొచ్చి, అందరికీ చెయ్యి ఊపుతూ, యుద్ధానికి వెళ్ళే సేనాపతిలా తోపుడు మంచం ఎక్కాడు. మంచం మలుపు తిరగ్గానే "అమ్మా" అని ఏడ్చాడట. డాక్టరమ్మ ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది.

బెలూను ఉబ్బింది, దారి చేసింది, తిరిగి ముడుచుకుని వచ్చింది. కొత్త తలుపు కూర్చుంది. దాని పని అది చేసింది. ఎవరి గుండెలో ఉన్నానని అది అడగలేదు.

లూ మేస్త్రిని ఇంటికి తెచ్చిన రోజున షీ అవ్వ కింది వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. లూ మేస్త్రి ఆమెకి నమస్కారం చేసి మెట్లెక్కాడు. అవ్వ కళ్ళు మూసుకుని చెప్పుల చప్పుడు వింది. మొదటి మలుపులో ఆగలేదు. తర్వాతి మలుపులోనూ ఆగలేదు. ఏ మొక్కకీ నీళ్ళు ఎక్కువైన మాట వినబడలేదు. పైన తలుపు తెరుచుకుని మూసుకుంది.

"ఒసేయ్ పిల్లా" అంది అవ్వ. "నా సంచి సర్దు."

ఆసుపత్రిలో ఆమెను ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు పెయిఫెన్ తోపుడు మంచం పట్టుకుని తలుపు దాకా నడిచింది. అవ్వ చెయ్యి చల్లగా ఉంది, వేళ్ళ కొసల్లో పట్టు మిల్లు నాటి ముడతలు ఇంకా ఉన్నాయి.

"నాకు పెట్టేది నువ్వు పరీక్ష పెట్టిందేనా?"

"కాదవ్వా. నేను పెట్టింది పగిలిపోయింది. ఇది దాని చెల్లెలు."

"అక్క బాగా నిలబడిందా?"

"చాలాసేపు."

"సరే అయితే" అని కళ్ళు మూసుకుంది.

చలి బాగా ముదిరాక ఒక పొద్దున షీ అవ్వ తన కాళ్ళ మీద తను నడిచి నూడుల్స్ కొట్టుకి వచ్చింది. పక్కన పెయిఫెన్. తొలి కుండ ఇంకా పొగలు కక్కుతోంది. పెద్ద బల్ల దగ్గర లూ మేస్త్రి నడుస్తున్న కథ ఆపి, వాళ్ళకి చోటు చూపించి, మళ్ళీ అందుకున్నాడు.

"అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం రెప్ప వెయ్యలేదు. సూటిగా దాని వంకే చూశా. పగలగొట్టమ్మా అన్నా. ఈ అమ్మాయి చెయ్యి వణికింది, కావాలంటే అడగండి. నేనే ధైర్యం చెప్పా."

"విను, విని నేర్చుకో" అంది షీ అవ్వ, పెయిఫెన్ నెత్తి మీద మొట్టి. "నువ్వు ఎన్ని చెప్పావు ఆయన గురించి! ముందు తను వెళ్ళి మాకు దారి చూపించాడు. మేస్త్రి అంటే అలా ఉండాలి."

పెయిఫెన్ నోటి దాకా వచ్చింది. వరండా, మరుగుదొడ్డి, గోడ మీద చేతులు కడుక్కునే బొమ్మలు, అన్నీ వరసగా వచ్చాయి. అవ్వ గిన్నె ఎత్తి సూపు తాగుతోంది. ఆవిరి మొహానికి కొడుతుంటే ఆమె పెదాలు దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి. పెయిఫెన్ నూడుల్స్ ఒక పెద్ద ముద్ద నోట్లో కుక్కుకుని, అందరిలాగే తలాడించింది.

"ఏమ్మా పెయిఫెన్" అన్నాడు లూ మేస్త్రి, సీసా ముందుకి తోసి. "మేస్త్రికి కాసిని వేడినీళ్ళు పోసుకురా."

లేచి వెళ్ళింది. నీళ్ళు పోసింది. అదే ముదురాకు. రేకు మూత పెట్టి, కాగే నీళ్ళలోంచి దారం కొసలు లాగిన వేళ్ళతో బిగించింది. గట్టిగా, ఇంకాస్త గట్టిగా. తెచ్చి రెండు చేతులా పట్టుకుని మర్యాదగా అతని ముందు పెట్టింది.

"ఇక ఆపరేషను రోజు సంగతి వినండి" అని లూ మేస్త్రి అందుకున్నాడు. "నేనే నడుచుకుంటూ వెళ్ళి మంచం మీద పడుకున్నా. డాక్టరమ్మే భయపడింది, తెలుసా?" అంటూ ఊదుకోవడానికి సీసా తీసుకున్నాడు. మూత తిప్పాడు. రాలేదు. చొక్కా అంచుతో పట్టుకుని తిప్పాడు. రాలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు గిన్నెలు దించి, తర్వాత ఏమైందని అతని కళ్ళల్లోకి చూస్తున్నారు.